పాతయింటి చెమ్మ



శ్రావణమాసము వచ్చెననగా మన యిండ్లకు నోములతోను పేరంటములతోను పాటు పిలువని చుట్టమొకటి వచ్చును. అదియే చెమ్మ. పెట్టెలోని పట్టుచీర మడతపై తెల్లని మచ్చ, గోడపై ఉబికి రాలు సున్నము, తలుపు తెరచినంతనే తగులు ముక్కిన వాసన, ఇవి దాని గుర్తులు. మేము దానిచేత నష్టపడి నేర్చిన సంగతులను ఈ మాసమున మీకు విన్నవింతుము.

మాది కోనసీమలో కాలువగట్టునకు చేరువనున్న మండువా లోగిలి. మా మామగారి తండ్రిగారు ఇటుకతోను గానుగ సున్నముతోను కట్టించినది. ఉత్తరపు గదిలో మా పుస్తకముల బీరువా కలదు. మేము బడికి పోయి చదివినవారము కాము. తండ్రిగారి యెదుట కూర్చుండి భారత భాగవతములు వల్లించినవారము. ఆ పుస్తకములే మాకు పుట్టింటి సారె. రెండేండ్ల క్రిందట వినాయకచవితినాడు వ్రతకథకై బీరువా తెరవగా, భాగవతము అట్టపై పచ్చని బూజు పేరుకొని, పుటలు ఒకదానికొకటి అంటుకొని యుండెను. ఆ గదిలోనే పరుండు మా అత్తగారికి తెల్లవారుజామున దగ్గు తెరలు తెరలుగా వచ్చుచుండెను.

మేము తొందరపడితిమి. మావారిని పట్నమునకు పంపి, డీహ్యూమిడిఫైయరు అను తేమహర యంత్రమును తెప్పించితిమి. ప్రతిదినము దాని తొట్టి నిండుచుండెను. నీరు పారబోయునప్పుడెల్ల ఎంత చెమ్మను వెడలగొట్టితిమో యని సంతసించితిమి. నెల గడచెను. కరెంటు బిల్లు పెరిగెను. గోడ మాత్రము ఆరలేదు. చిల్లు పూడ్చక పడవలోని నీరు తోడినట్లైనది మా పని.

అప్పుడు గాని, ఈ నీరెక్కడిదని విచారింపవలెనన్న బుద్ధి మాకు పుట్టలేదు. విచారించు విధము మిక్కిలి సులభము. మూరెడు పాలిథీను కాగితమును గోడకు నలువైపుల గట్టిగా అంటించి రెండు దినములు ఉంచవలయును. కాగితము వెలుపలివైపు చెమర్చినచో ఆ తేమ గదిలోని గాలిది; గోడవైపు చెమర్చినచో గోడది. మా కాగితము గోడవైపే చెమర్చినది. నేలనుండి నడుమెత్తు వరకు తెల్లని ఉప్పు పొంగియుండుట గూడ అందులకు సాక్ష్యము.

వెదుకగా రెండు దోషములు బయటపడినవి. మండువాలో నలుదిక్కుల నుండి పడు చూరునీరు తూము గుండా వెలికి పోవలయును గదా! మా తూము ఆకులతో పూడియుండెను. నీరంతయు ఆ గోడ పునాదిలోనికే ఇంకుచుండెను. రెండవది మా చేజేత చేసికొన్నది. గోడ నునుపుగా నుండవలెనని, కొన్నియేండ్ల క్రిందట సిమెంటు గిలాబా చేయించి, పైన ప్లాస్టికు రంగు వేయించితిమి. సున్నపు గోడ తాను పీల్చిన తేమను మరల గాలికి విడువగలదు. సిమెంటును రంగును ఆ దారిని మూసివేసినవి. కావున తూము బాగుచేయించి, మాఘమాసమున సిమెంటు పూతను ఒలిపించి, సున్నపు గిలాబా వేయించి, పైన వెల్ల మాత్రమే వేయించితిమి. గోడ ఆరుటకు వేసవి యంతయు పట్టినది.

ఇక గదిలోని గాలికి తేమ యెక్కడనుండి వచ్చునో చూడుడు. ఒక కిలో వంటగ్యాసు మండిన ఇంచుమించు కిలోన్నర నీరు ఆవిరియై పుట్టును. అనగా 14.2 కిలోల సిలిండరు ముగియునప్పటికి ఇరువది లీటర్లకు పైబడిన నీరు మన వంటింటి గాలిలో చేరుచున్నది. ముసురునాడు గదిలో ఆరవేయు బట్టలను తడిగా ఒకసారి, ఆరిన పిదప ఒకసారి తూచి చూడుడు. తగ్గిన ప్రతి కిలోయు గాలిలో కలిసిన ఒక లీటరు నీరు. కనుక గిన్నెలపై మూతలుంచుట, వంటింటి ఆవిరిని ఫ్యానుతో బయటికి పంపుట, బట్టలను వసారాలో ఆరవేయుట ఇల్లాలి చేతిలోని పనులు. పడకగది కిటికీలను మాత్రము ఎండ కాసిన పూటనే తెరవుడు. ముసురువేళ తెరచినచో బయటి తేమయే లోనికి వచ్చును.

కంటితో తేమను కొలువజాలము. దానికి ఆర్ద్రతామాపకము కలదు. చిన్నది కొన్ననే చాలును. గదిలో తేమ నూటికి 50 మొదలు 60 వరకు ఉండుట మేలు. 70కి మించి దినముల తరబడి నిలిచినచో బూజు పుట్టునని తలపవలయును. ఇది చీరలకు పుస్తకములకు సంబంధించిన మాట మాత్రమే కాదు. చెమ్మయు బూజును గల యిండ్లలో ఉబ్బసము, దగ్గు మున్నగు శ్వాసబాధలు హెచ్చుగా కనబడునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన గ్రంథము చెప్పుచున్నది.

ఇంత చేసిన పిమ్మటను తేమ తగ్గనిచో యంత్రమును గూర్చి యోచింపవచ్చును. చల్లని నీటిచెంబు వెలుపల చెమర్చుట మనమెరిగినదే. యంత్రములోని చల్లని గొట్టములపై గాలి చెమర్చి, ఆ నీరు తొట్టిలో పడును. ఇది కంప్రెసరు గలది. మన వెచ్చని సీమకు ఇదియే తగును. తేమను పీల్చు మందుపదార్థముతో పనిచేయు రెండవజాతి యంత్రము చలిదేశములకు అనుకూలము. అది గదిని మరింత వేడి చేయును. చౌకగా దొరకు అరచేతియంత యంత్రములు అలమారకు పనికివచ్చునే గాని గదికి చాలవు.

దినమునకు 12 లీటర్లు తీయునని పెట్టెపై వ్రాసియున్నచో, ఆ లెక్క సాధారణముగా 30 డిగ్రీల వేడిలో, నూటికి 80 పాళ్ల తేమలో కట్టినది. గది ఆరిన కొలది తీయు నీరు తగ్గును. అది యంత్రదోషము కాదు. కోరిన పాలు చేరగానే తానై ఆగునది, తొట్టి నిండగానే నిలిచిపోవునది, గొట్టముతో నీటిని వెలికి పంపుటకు వీలైనది ఎన్నుకొనుడు. 300 వాట్ల యంత్రము పదిగంటలు నడచిన మూడు యూనిట్లగును. కొనుటకు ముందే లెక్క చూచుకొనుడు. ఏసీ గల గదికి వేరొక యంత్రమక్కరలేదు. అదియు తేమను తీయును.

యంత్రమును మూసిన గదిలోనే నడుపవలయును. ఆకాశమునకు తెరచియున్న మండువాలో నడుపుట కాలువను చెంబుతో ఎండగట్టబూనుట. అది గదిని కొంత వేడి చేయును గాన, ఎవ్వరును లేని మధ్యాహ్నవేళ మేలు. గోడకు జానెడు ఎడముగా ఉంచి, జల్లెడను పక్షమునకొకసారి కడుగుడు. తొట్టినీరు త్రాగరాదు.

యంత్రము కొనజాలని వారు చింతింపనక్కరలేదు. బీరువాను గోడకు జానెడు దూరము జరుపుటయే సగము మందు. మూసిన అలమారలో సిలికాజెల్ పొట్లములు గాని, తేమను పీల్చు కాల్షియం క్లోరైడు డబ్బాలు గాని ఉంచవచ్చును. ఈ డబ్బాలలో చేరు నీరు చీరలకును పిల్లల చేతులకును తగులకుండ చూడవలయును. వేపాకు, కర్పూరము పురుగును తోలునే గాని చెమ్మను తీయవు. గోడమీది బూజును పొడి చీపురుతో దులుపకుడు. ముక్కునకు గుడ్డ కట్టుకొని సబ్బునీటి బట్టతో తుడువుడు.

మా యంత్రము ఇప్పుడు వానకాలమున మధ్యాహ్నము మూడు గంటలు మాత్రమే నడచుచున్నది. వైద్యుని మందుతోను ఆరిన గదితోను అత్తగారు తెల్లవారువరకు నిద్రించుచున్నారు. భాగవతమును నీడలో ఆరవేసి, మెత్తని కుంచెతో వాకిట శుభ్రపరచితిమి. దశమస్కంధములో రెండు పుటలు మాత్రము దక్కలేదు. వానిలోని పద్యములను జ్ఞాపకమునుండి కాగితముపై వ్రాసి అక్కడనే ఉంచితిమి. ఒక పద్యము మాకెంతకును తట్టలేదు; అత్తగారు పరుండియే దానిని అప్పగించిరి.

సోదరీమణులారా! ఈ పత్రిక చదివి ముగించి, ముందుగా మీ యింటి తూము చూచి రండు. పిదప గోడ, ఆ పిదప గాలి. యంత్రము కడపటిది.