డీనోటిఫై అంటే ఏమిటి?



డీనోటిఫై అనే ఇంగ్లీషు క్రియ మన పాఠాల్లో లేదు, పేపర్లో వస్తుంది. నోటిఫై అంటే ప్రభుత్వం ఒక పేరును జాబితాలో రాసి ప్రకటించడం. డీనోటిఫై అంటే ఆ ప్రకటన నుంచి తీసెయ్యడం. ఈ మాట ఎక్కువగా భూములకు వాడతారు. కానీ మనుషులను కూడా డీనోటిఫై చేసినారు.

తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మన సోమందేపల్లె అప్పుడు అందులోనే ఉండేది. మా ఎరుకల వాళ్లనూ ఆ జాబితాలో రాసినారు. తప్పు చెయ్యకపోయినా సరే, ఆ కులంలో పుడితే చాలు, అనుమానమే! బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా ఏర్పాటైన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది.

కాగితం మీద తీసేసినారు, సరే. జనం నోట్లోంచి ఎవరు తీస్తారు? ఇప్పటికీ సంతలో ఏదన్నా పోతే ముందు మా బుట్టలే వెతుకుతారు. దొంగతనం చేసినోళ్లను పట్టుకోండి, కులాన్ని కాదు.

క్రియ అంటే చేసే పని. ఈ క్రియలో ప్రభుత్వం చేసింది సగమే. 'దొంగ కులం' అనే మాటను మన నోటి నుంచి తీసేస్తేనే మిగతా సగం అవుతుంది. అది మన బడి నుంచే మొదలు పెడదాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని