రాయి మోసినోళ్ళకు మ్యూజియంలో గది ఏదీ?

ధవళేశ్వరం వచ్చిన వాళ్ళంతా కాటన్ మ్యూజియం చూసి వెళతారు. ఆనకట్ట నమూనాలూ, పాత పటాలూ, ఆనాటి యంత్రాలూ చూస్తారు. దొర విగ్రహం దగ్గర ఫోటో దిగుతారు. బ్యారేజీ మీద గాలి పీల్చుకుని ఇళ్ళకు పోతారు. అంతటితో చరిత్ర అయిపోయినట్టే!

మేం ఆర్థర్ కాటన్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. 1833 నాటి నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కరువు తర్వాత 1847లో మొదలెట్టి 1852 నాటికి గోదావరికి అడ్డంగా ఆనకట్ట పూర్తి చేశాడాయన. డెల్టా పచ్చబడింది. డెల్టా రైతులు ఈనాటికీ ఆయనకు దండం పెడతారు, పిండప్రదానాలు కూడా చేస్తారు. ఆయన పని ఆయన చేశాడు, కాదనం. మా ప్రశ్న వేరు. ఆ పని ఆయనొక్కడే చేశాడా?

మా బళ్ళో పిల్లలు పుస్తకంలో పాఠం చదివి అడుగుతారు, "మాస్టారూ, ఇన్ని రాళ్ళూ దొరే మోశాడాండీ?" అని. పిల్లలకొచ్చిన ఈ అనుమానం పెద్దలకెందుకు రాదు? ఆనకట్ట పనిలో సుమారు 10,000 మంది కూలీలూ, 500 మంది వడ్రంగులూ, 500 మంది కమ్మర్లూ ఉన్నారని చరిత్రలో చెబుతారు. ధవళేశ్వరం కొండ పగలగొట్టింది ఎవరు? ఉలీ సమ్మెటా పట్టింది ఎవరు? సున్నం కాల్చిందెవరు, గానుగ తిప్పిందెవరు, తట్ట నెత్తిన పెట్టుకుని ఇసకలో నడిచిందెవరు? కాటన్ పేరు మనకు తెలుసు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న గారి పేరూ తెలుసు. ఆ పది వేల మందిలో ఇంకొక్కడి పేరు చెప్పమనండి చూద్దాం! రాతి పని ఒడ్డెలది. మట్టి పని, మోత పని ఊరి బయట పేటలది. ఈ దేశంలో ఆ పనులు ఏ కులాల నెత్తిన పెట్టారో తెలియనిదెవరికి? ఆనకట్ట కింద పది లక్షల ఎకరాలకు పైగా తడిసింది. తడిసిన భూమి ఒకరిదైంది. మోసిన వాడు అదే భూమిలో పాలేరుగా మిగిలాడు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మ్యూజియం అంటే లోపలున్న వస్తువులే కాదు, ఆ భవనం కూడా చరిత్రే. దొరల కాలంలో కట్టిన బంగళాలూ, కచేరీలూ, వర్క్‌షాపులూ మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిని కాపాడటం ఇవాళ ఒక చదువు, ఒక ఉద్యోగం. ఆ నిపుణుడు చేసే పనేమిటో మనవాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు గనక మేం చెబుతాం.

ముందు భవనాన్ని అంగుళం అంగుళం కొలిచి గీస్తాడు. ఏ పగులు ఎక్కడుందో ఫోటో తీసి రాసిపెడతాడు. నీరు ఎటునుంచి వస్తోందో వెతుకుతాడు. పైకప్పు కారుతోందా, తూము పూడిందా, పిట్టగోడలో రావిమొక్క మొలిచిందా, పునాది నుంచి చెమ్మ పైకెక్కుతోందా అని చూస్తాడు. గోదారి ఒడ్డున ఇది చిన్న సంగతి కాదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. ఇక్కడ గోడకి మొదటి శత్రువు నీరే. ఆ తర్వాత పాత సున్నం దేనితో కలిపారో పరీక్షించి, అలాంటిదే తయారు చేయిస్తాడు. పాడైనంత మేరే ముట్టుకుంటాడు. రేపు ఇంకొకరు విప్పి సరిచేసుకునే వీలుంచుతాడు. చేసిన ప్రతి పనీ కాగితం మీద పెడతాడు.

మరి మన సర్కారీ పాత భవనాలకు సాధారణంగా జరిగేదేమిటి? ఏ మంత్రో వస్తున్నాడంటే టెండరు పిలుస్తారు. తక్కువ రేటు వేసినోడికి పని. వాడు సిమెంటు పూసి, పైన రంగు కొట్టి బిల్లు చేసుకుంటాడు. పాత ఇటుక గోడ చెమ్మ పీలుస్తుంది, సున్నం గుండా వదిలేస్తుంది. అదే దాని ఊపిరి. సిమెంటు పూస్తే ఆ ఊపిరి ఆగుతుంది. చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు ఇటుకలో పేరుకుంటుంది, ఇటుక పొడి పొడిగా రాలుతుంది. పైకి కొత్త పెళ్ళికూతురు, లోపల క్షయరోగి! మళ్ళీ టెండరు, మళ్ళీ సిమెంటు.

ఈ సంగతి తెలిసిన వాడు ఎవడు? ముసలి తాపీ మేస్త్రి. గానుగ సున్నం ఎన్నాళ్ళు నాననివ్వాలో, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ ఎందుకు కలుపుతారో వాడికి తాతల నాటి నుంచి తెలుసు. వాడి తెలివిని విద్య అనరు, కూలిపని అంటారు. అదే సంగతి ఇంగ్లీషులో రిపోర్టు రాసినాయన్ని కన్సల్టెంట్ అంటారు. చేతిలో విద్య ఉన్నవాడికి రోజుకూలీ, నోట్లో ఇంగ్లీషు ఉన్నవాడికి ఫీజు! కన్సల్టెంట్ పేరుతో ఇచ్చే పనిలో రిజర్వేషన్ ఊసే ఉండదు. మనం కట్టిన గోడని కాపాడే కొలువులో మనకు వాటా లేకపోవడం ఏం న్యాయం?

"కూడు లేనోళ్ళకి పాత గోడల గొడవెందుకయ్యా" అని మనలోనే కొందరంటారు. మేమంటున్నాం, గోడని కాపాడేవాడే ఆ గోడ కథ చెబుతాడు. ఏ గది ఉంచాలి, ఏ గది పడగొట్టాలి, ఏ ఫలకం పెట్టాలి అనేది అక్కడే తేలుతుంది. దొర పడకగదిని అద్దంలా తుడిచి, వంటవాడి పాకనూ కూలీల రేకుల షెడ్డునూ పాత సామానని పీకేస్తే చరిత్రలో మిగిలేదెవరు? పైగా అది ప్రజల సొమ్ముతో నడిచే ఉద్యోగం.

బయట దేశాలు చూడండి. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలాని బంధించిన రాబెన్ దీవి జైలు 1997లో మ్యూజియం అయింది. అక్కడ జైల్లో మగ్గినవాళ్ళే వచ్చినవాళ్ళకి గదులు చూపించి కథ చెప్పారు. అమెరికాలో లూసియానాలోని విట్నీ తోటలో 2014లో తెరిచిన మ్యూజియం యజమాని మేడ వైభవం పాడదు. అక్కడి నల్ల బానిసల పేర్లు రాతి గోడల మీద చెక్కింది. పేర్లు చెక్కడానికి ముందు పాత ఖాతాలు వెతకాలి. మనకూ ఆనకట్ట ఖాతాలు, ఇంజనీర్ల ఉత్తరాలు, పేటల్లో ముసలమ్మల నోటి కథలు ఉంటాయి. వెతికే మనిషి కావాలి.

ఇంకో మాట. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ చేతిలోనే నీటి పథకాల విధానం ఉండేది. ఈనాటి కేంద్ర జల సంఘానికి మూలమైన కమిషన్ 1945లో ఆయన హయాంలోనే పుట్టింది. నీళ్ళ చరిత్ర చెప్పే ఏ మ్యూజియంలోనైనా ఆయన పటం ఉండి తీరాలి.

మేం అడిగేవి నాలుగే. ఒకటి, మ్యూజియం భవనాలకు సంరక్షణ నిపుణుల పోస్టులు పర్మినెంటుగా పెట్టాలి, అందులో రిజర్వేషన్ అమలు చేయాలి. రెండు, పాత భవనాల మరమ్మతు తక్కువ రేటు టెండరుకి వదలకుండా సున్నం పని తెలిసిన మేస్త్రీలకు ఇవ్వాలి, వాళ్ళకు సర్టిఫికెట్టూ మంచి కూలీ ఇవ్వాలి. మూడు, ధవళేశ్వరం మ్యూజియంలో ఆనకట్ట కూలీలకు ఒక గది కేటాయించాలి, దొరికిన పేర్లన్నీ రాయి మీద చెక్కించాలి. నాలుగు, ఈ చదువుకి వెళ్ళే మన పిల్లలకు ఫీజూ హాస్టలూ ప్రభుత్వమే భరించాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్లకో పిల్లాడికో లెక్కలొస్తాయా, బొమ్మ గీసే చెయ్యి ఉందా? ఇంటర్లో ఎంపీసీ చదివించండి. నాటా గానీ జేఈఈ గానీ రాయించండి. ఐదేళ్ళ బి.ఆర్క్. తర్వాత కట్టడాల సంరక్షణలో ఎం.ఆర్క్. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్లో ఉంది. మ్యూజియం వస్తువుల సంరక్షణ నేర్వాలంటే లక్నోలో 1976లో పెట్టిన జాతీయ పరిశోధనాలయం ఉంది. దారి పొడుగే. మొదటి తరం చదువు మాకు మాత్రం తేలిగ్గా వచ్చిందా? తాత మోసిన రాయిని మనవరాలు ఇంజనీరు హోదాలో ముట్టుకున్న రోజే ఆనకట్ట మనది కూడా అవుతుంది.

అడగండి. అర్జీలు పెట్టండి. పేటల్లో పెద్దలు చెప్పే కథలు ఇప్పుడే రాసిపెట్టండి, వాళ్ళు పోతే ఆ పేర్లు కూడా పోతాయి.

జై భీమ్!