అన్నిటికీ యాపేనా?

ఏ సమస్య చెప్పినా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ముందు తట్టేది ఒకటే: "దానికో యాప్ రాసేస్తే పోలా?" నేనూ ఆ బాపతే. కానీ అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ళ మధ్య హింస, తాగుడు తగ్గించడానికి చేసిన ప్రయత్నాల గురించి చదివాక ఆ నమ్మకం కాస్త సడలింది. అక్కడ 15 నుంచి 34 ఏళ్ళ నల్లజాతి మగవాళ్ళ చావులకి మొదటి కారణం హత్యే!

మిషిగన్‌లో ఫ్లింట్ అని ఒక ఊరుంది. కార్ల ఫ్యాక్టరీలు మూతబడి చితికిపోయిన ఊరు. 2006-09 మధ్య అక్కడి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన 14-18 ఏళ్ళ పిల్లల్లో, తాగుడూ కొట్లాటలూ రెండూ ఉన్న 726 మందిని ఎంచుకున్నారు. అమ్మాయిలూ ఉన్నారు, మొత్తమ్మీద సగానికి పైగా నల్లజాతి పిల్లలే. కొందరిని 35 నిమిషాలు కంప్యూటర్ ప్రోగ్రాం ముందు కూర్చోబెట్టారు. కొందరితో అంతసేపూ ఒక కౌన్సిలర్ మాట్లాడారు. మిగతావాళ్ళకి ఒక కరపత్రం ఇచ్చారు.

ఫలితాలు 2010లో వచ్చాయి. తాగుడు తెచ్చే తంటాలు తగ్గించడంలో ఆరు నెలల దాకా కంప్యూటర్ దాదాపు మనిషితో సమానంగా నిలిచింది. కొట్లాటల దగ్గరికొచ్చేసరికి చతికిలబడింది. పిల్లలు చెప్పిన లెక్కల ప్రకారం, మూడు నెలలకి కౌన్సిలర్ గుంపులో అవి 34 శాతం తగ్గాయి, కరపత్రం గుంపులో 16 శాతం. ఏడాదయ్యాక కూడా నిలిచింది మనిషి మాటే.

ఇంకో సంగతి. ఆ కౌన్సిలర్ చేతిలోనూ ఏం అడగాలో, ఏ వరసలో అడగాలో చూపించే కంప్యూటర్ ఉంది. నా దృష్టిలో మన కోడ్‌కి సరైన చోటు అదే.

చోటు తప్పితే ఏమవుతుందో షికాగో చూపించింది. ఎవరు కాల్పుల్లో ఇరుక్కుంటారో అల్గారిథంతో జాబితా కట్టి పోలీసుల చేతికిచ్చారు. 2016లో వచ్చిన ర్యాండ్ అధ్యయనం ప్రకారం, 2013 నాటి ఆ జాబితా వల్ల హత్యలు తగ్గలేదు. జాబితాలో ఉన్నవాళ్ళు కాల్పుల కేసుల్లో అరెస్టయ్యే అవకాశం మాత్రం పెరిగింది. 2019లో దాన్ని ఆపేశారు.

యాప్ చవక, కౌన్సిలర్ జీతం ఖరీదు. అందుకే బడ్జెట్ రాసేవాళ్ళకి యాపే ముద్దొస్తుంది. అలాంటి ప్రాజెక్టు మన టేబుల్ మీదకొస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న, "స్క్రీన్ అవతల మనిషి ఎవరు?" అని. ఎవరూ లేరంటే, మనం కడుతున్నది ఖరీదైన కరపత్రమే.

మీరేమంటారు?