రోజుకొక అక్షరం

ఉగాది పచ్చడి తిన్న పూట ఏవో తీర్మానాలు చేసుకుంటాం. వారం తిరిగేసరికి అవి వేపపూతలా రాలిపోతాయి. కోరిక పెద్దదై, దానికి లెక్కా గడువూ లేకపోవడమే కారణం.

మన సూలూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారికి బడి చదువు అబ్బలేదు. కోయంబత్తూరు హోటల్లో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొన్నారు. దాన్ని విప్పి, మళ్ళీ బిగించి యంత్రం సంగతి నేర్చుకున్నారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టారు. ఒక్కో మర విప్పడమే ఆయన చదువు.

మనకూ అలాంటి పని ఒకటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. అవ్వ పాడే పాట కాగితం మీదికి ఎక్కకపోతే ఆమెతోనే పోతుంది.

ఈ పేజీ చదవగలిగిన మీరు ఇంట్లో ఒక్కరిని ఎంచుకోండి. రోజుకొక అక్షరం దిద్దించండి. 56 అక్షరాలకు ఎనిమిది వారాలు. వేసవి సెలవులు ముగిసేలోగా అయిపోతుంది. వినాయక చవితికి గుణింతాలు, ఒత్తులు. దీపావళికి అవ్వ పాట ఆ పిల్లవాడి చేతిరాతలో ఉండాలి. రాసింది అవ్వకు చదివి వినిపించమనండి. తప్పులుంటే ఆమే దిద్దుతుంది.