నా బల్ల మీద రెండో స్క్రీన్

"ఒకటి ఉందిగా, మళ్ళీ రెండోది ఎందుకు నీకు?"

మావారు ఈ మాట కోపంగా అనలేదు. పేపరు చదువుకుంటూ, తల కూడా ఎత్తకుండా, మామూలుగా అన్నారు. అలా మామూలుగా అన్నందుకే నాకు గుచ్చుకుంది. కోపంగా అనుంటే నేనూ నాలుగు మాటలు అనేసి ఊరుకునేదాన్ని.

నేనడిగింది నగ కాదు, చీర కాదు. కంప్యూటర్‌కి ఇంకో మానిటర్. అదీ కొత్తది కాదు. మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో వాడిన 17 అంగుళాల పాత మానిటర్ అటక మీద దుప్పటి చుట్టుకుని పడుంది. కాస్త దింపి పెడతారా అని అడిగానంతే.

ఊళ్ళో ఒక చిన్న ప్రెస్సుకి నేను తెలుగు టైపింగ్ చేసిపెడతానని మీలో చాలామందికి తెలుసు. పెద్దవాళ్ళు చేత్తో రాసుకున్న జ్ఞాపకాలు, కవితలు, గుడి వార్షికోత్సవం సంచికలు ఇలాంటివి. పేజీలన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతారు. పేజీకి 20 రూపాయలు. ఉన్న ఒక్క స్క్రీన్‌లో సగం ఫోటో, సగం టైపింగ్ పెట్టుకుంటే చేతిరాత చీమల బారులా కనిపించేది. అందుకని ఫోన్‌ని పోపులడబ్బాకి ఆనించి, అందులో చూస్తూ ఇందులో కొట్టేదాన్ని. మధ్యలో ఫోన్ ఆరిపోతుంది. గ్యాస్ అబ్బాయి ఫోన్ చేస్తాడు. మళ్ళీ ఏ వరుస దగ్గర ఆగానో వెతుక్కోవాలి.

అలా వెతుక్కోవడంలోనే ఒకసారి ఒక పెద్దాయన పుస్తకంలో ఎనిమిది లైన్లు ఎగరగొట్టేశాను. ఒకే పేజీలో రెండు చోట్ల వరుస మొదట "ఆ రోజుల్లో" అని ఉంది. నా కన్ను పైదాన్ని వదిలేసి కిందదాని మీదకి దూకేసింది. ప్రూఫు చూసి ఆయనే పట్టుకున్నారు. ఫోన్ చేసి ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "అమ్మా, మా ఆవిడ ముక్క పోయిందమ్మా" అన్నారు. పోయిన ఎనిమిది లైన్లూ కాలం చేసిన ఆయన భార్య గురించి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే మావారిని మానిటర్ సంగతి అడిగాను. దానికి వచ్చిన జవాబే పైన రాశాను.

ఇప్పుడు 2020 సంగతి కూడా చెప్పాలి. లాక్‌డౌన్‌లో మావారి ఆఫీసు వాళ్ళు ఇంటికి రెండు మానిటర్లు పంపారు. బెడ్‌రూమ్‌లో మంచం ఒక మూలకి జరిపి బల్ల వేశాం. ఆయన మీటింగ్‌లో ఉంటే కుక్కర్ విజిల్ వినపడకూడదని వంటింటి తలుపు వేసేదాన్ని. ఆయనకి రెండెందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆఫీసు పని కదా, కావాలి కాబట్టే ఇచ్చుంటారు అనుకున్నాం. నా పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే అవసరానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

నేను చెప్పుకోకముందే మా అత్తయ్యగారు అందుకున్నారు. ఆవిడకి కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కొడుకుతో అన్నారు. "గ్యాస్ వచ్చిన కొత్తలో మీ నాన్నగారూ ఇలాగే ఒక్క పొయ్యి చాలన్నారురా. అన్నం దింపి పప్పు పెట్టి, పప్పు దింపి కూర పెట్టేసరికి అన్నం చల్లారిపోయేది. రెండు పొయ్యిల స్టవ్ వచ్చాకే నేను పదిగంటలకి వంటింట్లోంచి బయటపడ్డాను. ఎన్ని పొయ్యిలు కావాలో వండేవాళ్ళకి తెలుస్తుంది."

మావారు నవ్వేసి, స్టూలు వేసుకుని మానిటర్ దింపారు. దుమ్ము కూడా తుడిచారు. అక్కడితో ఆయన పని అయిపోయింది. మా అబ్బాయికి ఫోన్ చేస్తే, "దసరాకి వస్తాగా అమ్మా, నేను పెడతాలే, నువ్వు వైర్లు ముట్టుకోకు" అన్నాడు. దసరాకి ఇంకా రెండు నెలలుంది. మిక్సీ జార్ బుష్ మార్చడం, సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించడం మనకి వచ్చు. రెండు వైర్లు పెట్టడానికి దసరా దాకా ఆగాలా అనిపించింది.

నాది చాలా మామూలు కంప్యూటర్. ఐ3, 8 జీబీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రెండు స్క్రీన్లు అంటే పెద్ద మెషీన్ కావాలేమో అని భయపడ్డాను. ఆటలు ఆడేవాళ్ళ సంగతేమోగానీ, టైపింగ్‌కి, లెక్కలకి, ఆన్‌లైన్ క్లాసులకి అక్కర్లేదు. డబ్బా వెనక మానిటర్ పెట్టే సాకెట్లు రెండుంటే దాదాపు పని అయినట్టే. నాదాంట్లో నీలం రంగుది ఒకటి, నల్లగా సన్నగా ఉన్నది ఒకటి ఉన్నాయి. నీలం దాన్ని వీజీఏ అంటారు. 15 పిన్నులుంటాయి, 1987లో ఐబీఎం వాళ్ళు తెచ్చిన పాతకాలపుది. రెండోది హెచ్‌డీఎంఐ, టీవీ వెనక ఉంటుందే, అదే. మీ డబ్బాలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మాత్రం రెండు మానిటర్లూ ఆ కార్డుకే పెట్టండి. కార్డు ఉన్నప్పుడు పక్క సాకెట్లు చాలావాటిలో పనిచేయవు.

నేను చేసిన తప్పులు చెబుతాను, మీకు డబ్బులు మిగులుతాయి. నా మానిటర్లు రెండూ నీలం సాకెట్‌వే. షాపతను ఒక కొస నుంచి రెండుగా చీలే కేబుల్ ఇచ్చాడు. తెచ్చి పెట్టాను. రెండిట్లోనూ అచ్చం ఒకే బొమ్మ! ఎన్ని సెట్టింగులు మార్చినా అంతే. ఆ కేబుల్ ఒక బొమ్మనే ఇద్దరికి పంచుతుంది, రెండు వేరే బొమ్మలు ఇవ్వలేదు. రెండోసారి కన్వర్టర్ తెచ్చుకున్నాను, అదీ తలకిందులుది. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది వేరు. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయిగానీ ఒకదాని పని ఇంకోటి చేయదు. డబ్బాలోంచి హెచ్‌డీఎంఐ బయటికొచ్చి పాత మానిటర్‌లోకి వీజీఏగా వెళ్ళాలి. షాపులో "ఎటు నుంచి ఎటు" అన్నది విడమరిచి చెప్పండి. మూడోసారికి సరైనది దొరికింది.

పెట్టాక విండోస్ బొమ్మ ఉన్న కీ, పీ కలిపి నొక్కితే పక్కన నాలుగు మాటలు వస్తాయి. డూప్లికేట్ అంటే రెండిట్లో ఒకటే. మనకి కావాల్సింది ఎక్స్‌టెండ్, అంటే బల్లకి ఇంకో చెక్క కలిపినట్టు. అది నొక్కగానే అటక మీది మానిటర్ వెలిగింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను, చప్పట్లు కొట్టుకున్నాను.

తర్వాత మౌస్ పోయింది! మానిటర్‌ని నేను ఎడమవైపు పెట్టాను, కంప్యూటర్ మాత్రం కుడివైపు ఉందనుకుంటోంది. ఎడమకి తోస్తే బాణం గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. 2ని పట్టుకుని ఎడమవైపుకి లాగి అప్లై నొక్కితే సరిపోయింది. పాతదాంట్లో అక్షరాలు మసగ్గా ఉంటే అక్కడే రిజల్యూషన్ దగ్గర "రికమెండెడ్" అని ఉన్నది ఎంచుకుని, మానిటర్ మీద ఆటో బటన్ ఉంటే ఒకసారి నొక్కండి. అది నలుచదరం మానిటర్ కావడం కూడా కలిసొచ్చింది. నిలువు కాగితం ఫోటో కొత్త వెడల్పు స్క్రీన్‌లో కన్నా అందులోనే పెద్దగా కనిపిస్తుంది.

ఇంకో రెండు మాటలు. ఎక్కువ చూసే స్క్రీన్ సరిగ్గా మొహానికి ఎదురుగా ఉండాలి, రెండోది పక్కన కాస్త ఒరగా. నేను మొదట ఇద్దరినీ సమానంగా చూడాలని సరిగ్గా మధ్యలో కూర్చున్నాను, మూడు రోజులకి మెడ పట్టేసింది. రెండోది కూడా యూపీఎస్‌కే పెడితే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ముందుకన్నా తొందరగా అయిపోతుంది. వెంటనే సేవ్ చేసుకోండి.

దీనివల్ల ఏం ఒరిగిందని అడుగుతారేమో. గంటకి మూడు పేజీలు చేసేదాన్ని, ఇప్పుడు నాలుగు. రెట్టింపేమీ కాలేదు. కానీ వరుస తప్పడం తగ్గింది. ఎడమవైపు ఆయన చేతిరాత, కుడివైపు నా అక్షరాలు, రెండూ కళ్ళ ముందు. ఆ పెద్దాయన పుస్తకం మొత్తం ఇంకోసారి అక్షరం అక్షరం పోల్చి చూశాను. ఎనిమిది లైన్లే కాదు, ఇంకో చోట ఒక మాట పోయింది. అది ఆయన కూడా చూడలేదు. పెట్టేశాను.

ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను. రెండు రోజులు రెండో స్క్రీన్‌లో సీరియల్ కూడా పెట్టుకున్నాను. ఆ రెండు రోజుల పేజీల్లో ఉన్నన్ని తప్పులు ఎప్పుడూ రాలేదు. మనల్ని అందరూ "ఆడవాళ్ళు ఒకేసారి పది పనులు చేస్తారు" అని మెచ్చుకుంటారు చూశారూ, ఆ మెచ్చుకోలు అంటే నాకు భయం. రెండో స్క్రీన్ ఒక్క పనిని పూర్తిగా చూడటానికి. దాన్ని చూపించి మన నెత్తిన ఇంకో పని పెట్టడానికి కాదు.

నేను గమనించిందేమిటంటే, ఇంట్లో కూర్చుని మనం చేసే పనిని "ఖాళీ టైంలో చేసుకుంటుంది" అంటారు. ఖాళీ టైం పని కదా, మిగిలిన బల్ల, మిగిలిన కుర్చీ, మిగిలిన వెలుతురు చాలంటారు. తప్పు వాళ్ళొక్కరిదే కాదు. నేనే నాలుగేళ్ళు ఫోన్‌ని పోపులడబ్బాకి ఆనించుకుని సర్దుకున్నాను. సర్దుకుంటే మంచిదాన్ననుకున్నాను. నేను సర్దుకున్నందుకు ఆ పెద్దాయన భార్య ముక్క పోయింది. మన పనికి కావాల్సిన సామాను అడగడం గొంతెమ్మ కోరిక కాదు. మన చేతికి పని ఇచ్చినవాళ్ళ పట్ల అది మన బాధ్యత. ట్యూషన్ చెప్పేవాళ్ళయినా, బ్లౌజుల ఆర్డర్లు రాసుకునేవాళ్ళయినా, అపార్ట్‌మెంట్ లెక్కలు చూసేవాళ్ళయినా అంతే.

మీ అటక మీద ఏముందో ఒకసారి చూడండి. డబ్బా వెనక సాకెట్లు ఫోటో తీసుకుని షాపుకి తీసుకెళ్ళండి. దసరా దాకా ఆగకండి.

మా అబ్బాయి దసరాకి వచ్చి, బల్ల ముందు నిలబడి, "ఎవరు పెట్టారమ్మా?" అన్నాడు. మా అత్తయ్యగారు నా వైపు చెయ్యి చూపించారు. వాడు కూర్చోబోయి, "ఈ ప్లాస్టిక్ కుర్చీలోనా రోజూ కూర్చుంటున్నావు!" అన్నాడు. అవును. తర్వాత కుర్చీయే. ఈసారి ఎవరినీ అడగదలచుకోలేదు, పేజీలు లెక్కపెట్టుకుంటున్నాను.