లైనక్స్ ఉంటే చాలునా?

మన హాస్టల్లో కంప్యూటర్ ఊసు వచ్చిందంటే ఒక మిత్రుడు తప్పక అంటాడు: "లైనక్స్ వేసుకోరా, హ్యాకర్ల తాత దిగొచ్చినా ఏం చేయలేడు." ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం గురించే నా బాధ.

మా నాయన 1బి కాపీ కోసం ఆళ్లగడ్డలో ఒక ఇంటర్నెట్ సెంటరుకు పోతే తోడుగా నేనూ పోయినాను. ఆ కంప్యూటర్ తెరమీద ఎవరెవరివో ఆధార్ కార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు వరుసగా ఉన్నాయి. విండోస్ దొంగ కాపీ. అప్‌డేట్ చేస్తే ఎక్కడ ఆగిపోతుందోనని అప్‌డేట్లే ఆపిపెట్టినారు. నంద్యాలలోనూ ఇట్లాంటివి చూసినాను.

దీని ఫలితమేమిటో 2017 మే నెలలో తెలిసింది. వానాక్రై అను వైరస్ ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడినాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది!

నా దృష్టిలో లైనక్స్ గొప్ప ఇక్కడే. రూపాయి పెట్టనక్కరలేదు, దొంగ కాపీతో పనిలేదు, కనుక అప్‌డేట్‌కు భయపడే అవసరం రాదు. డెస్క్‌టాప్ మీద వాడేవాళ్లు తక్కువ గనుక వైరస్ రాసేవాళ్ల కన్నూ దానిమీద తక్కువే.

అయితే అది తాయెత్తు కాదు. పాస్‌వర్డ్ లేనిదే సిస్టం ఫైళ్లను ముట్టనివ్వదు, నిజమే. కానీ మనం నడిపిన ప్రోగ్రాము మామూలుగా మన సొంత ఫైళ్లన్నీ చదవగలదు, చెరపగలదు. దానికి ఏ పాస్‌వర్డూ అడగదు. ఇంటి దూలాలకు కాపలా పెట్టి, నగల పెట్టె తెరిచి పెట్టినట్టన్నమాట. సిస్టం పోతే మళ్లీ వేసుకోవచ్చు. నాయన పాసు పుస్తకం స్కాన్ పరుల చేతికి పోతే తిరిగి తెచ్చుకునేదెట్లా? ఇక బ్యాంకు పేరుతో వచ్చిన లింకులో ఓటీపీ కొట్టేవానికి ఏ సిస్టమూ అడ్డం రాదు.

లైనక్స్ పుట్టే చోటా దొంగలున్నారు. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ వెబ్‌సైటులో హ్యాకర్లు దూరి, దొంగదారి పెట్టిన కాపీకి లింకు మార్చినారు. 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాములో, రెండేళ్లుగా నమ్మకంగా పనిచేసిన సహాయకుడే దొంగదారి పెట్టినట్టు తేలింది. లాగిన్ అర సెకను ఆలస్యమెందుకని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు ఆరా తీసి పట్టుకున్నాడు. (ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో, అది వేరే సంగతి!) కోడ్ అందరికీ తెరిచి ఉన్నందుకే దొరికిందని మిత్రుడంటాడు. చూసేవాడొకడు ఉండబట్టి దొరికిందని నేనంటాను.

సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ఆ సెంటర్ అన్నకు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చి, ముందు ఆ కార్డులన్నీ చెరిపేయన్నా అన్నాను. "ప్రింటరు, వేలిముద్ర మిషను దీంట్లో పనిచేస్తే చూస్తాంలే తమ్ముడూ" అన్నాడు. కార్డులు మాత్రం నా ముందే చెరిపినాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చేయమని మళ్లీ చెప్పవలసి వచ్చింది.