వృద్ధి లెక్కల్లో సుగ్గి కూడా రాయండి

సంపాదకులకు,

రాష్ట్ర ఆర్థిక వృద్ధిని మెచ్చుకుంటూ మీరు రాసిన సంపాదకీయం చదివాను. 2024-25లో రాష్ట్ర స్థూల ఉత్పత్తి స్థిర ధరల్లో 8.21 శాతం పెరిగిందనీ, తలసరి ఆదాయం రెండున్నర లక్షలు దాటిందనీ రాశారు. ఆ అంకెలతో నాకు పేచీ లేదు. అయితే ఆ లెక్కన ఐదుగురున్న ఇంటికి ఏడాదికి పన్నెండు లక్షల పైమాటే రావాలి. మా కర్నూలు జిల్లా పడమటి వైపున్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం మండలాల్లో అంత ఆదాయమున్న ఇళ్లు ఊరికి ఎన్ని ఉంటాయో వేళ్ల మీద చెప్పొచ్చు. మిగతావాటిలో చాలా ఇళ్లకు సంక్రాంతి నాటికి తాళాలు పడతాయి.

ఇలా ఇంటికి తాళం వేసి కూలికి వలస పోవడాన్ని మా పడమటి ప్రాంతంలో సుగ్గికి పోవడం అంటారు. సొంత చేనులో పత్తి తీత అయిపోగానే గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయల కోతకు, తెలంగాణకు పత్తి తీయడానికి, బెంగళూరుకు బిల్డింగ్ పనులకు జనం కదులుతారు. లారీలో కింద బియ్యం మూటలు, జొన్నపిండి, వంటగిన్నెలు, దుప్పట్లు. వాటి మీద పిల్లలు. ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు.

ఇది డబ్బులేని ప్రాంతమేమీ కాదు. పత్తి వ్యాపారం జోరు చూసి ఆదోనిని రెండో బొంబాయి అన్నారు పెద్దలు. ఈ రోజుకీ సీజన్లో మార్కెట్ యార్డులో కాలు పెట్టే సందుండదు, జిన్నింగ్ ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ ఆడతాయి. ఆ సంపద ఎవరి దగ్గర ఆగుతోందన్నదే నా ప్రశ్న. 2025-26కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ తేమ 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు, 8 శాతం దాటితే ధర తగ్గుతుంది. పత్తిని ఆరబెట్టి, నాలుగు వారాలు ఇంట్లో పెట్టుకుని, మంచి రేటు వచ్చినప్పుడు అమ్ముకోవడం గోదాము ఉన్న ఆసామికి కుదురుతుంది. విత్తనాలకూ మందులకూ కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తెచ్చుకున్న మూడెకరాల రైతుకు కుదరదు. తేమ ఉన్నా లేకున్నా తెచ్చిన రోజే, అడిగిన ధరకే వదులుకుంటాడు. 2025 ఆగస్టులో కేంద్రం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకాన్ని ఆ ఏడాది చివరిదాకా ఎత్తేసింది. అది మిల్లులకు మేలు చేసింది. మా రైతుకు మాత్రం కొత్త పంట మార్కెట్టుకు వచ్చే వేళకే పోటీ పెరిగింది. ఒకే పంట, ఒకే యార్డు. నిలవ చేసుకోగలిగినవాడికి లాభం, చేసుకోలేనివాడికి లారీ.

పైగా మా పత్తికి ఇక్కడ గింజ తీసి బేళ్లు కట్టడమే ఎక్కువ. నూలు, గుడ్డ, చొక్కా వేరే ఊళ్లలో తయారవుతాయి. ఎక్కువమందికి ఏడాది పొడవునా పనిచ్చేది ఆ తర్వాతి దశలే. ఆదోని, ఎమ్మిగనూరుల్లోని పాత మిల్లులు చాలా మూతపడ్డాయి. ఈ మాట ఎమ్మిగనూరులో కూర్చుని రాయడం మరీ బాధగా ఉంది. 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడే నేత కార్మికుల సహకార సంఘం పెట్టారు. సంఘం నూలు ఇచ్చేది, నేసిన గుడ్డ తీసుకుని మజూరీ కట్టేది, అమ్మకం బాధ్యత తానే మోసేది. నేతగాడు షావుకారు అరుగు ఎక్కాల్సిన పని తప్పింది. 1954లో సోమప్పగారికి పద్మశ్రీ వచ్చింది. అందరినీ కలుపుకుపోయే అభివృద్ధి ఎలా ఉంటుందో ఈ ఊరు కళ్లారా చూసింది. ఇప్పుడా మగ్గాల సందడి లేదు.

నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. తుంగభద్ర దిగువ కాలువ కింద మాకు 24 టీఎంసీల కేటాయింపు. పూడికతో డ్యాం నిల్వ 133 టీఎంసీల నుంచి 105 చిల్లరకు పడిపోయింది. దారి పొడవునా మోటార్లు దాటుకుని కాలువ చివరి భూములకు చేరేది ఏపాటి? వేదవతి, గుండ్రేవుల ప్రాజెక్టుల పేర్లు ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

సుగ్గికి పోతే నాలుగు డబ్బులు వస్తాయి కదా, అందులో తప్పేముందని కొందరు అంటారు. నిజమే, మొగుడూ పెళ్లాం కలిసి మిరపకాయలు కోస్తే ఊళ్లో కన్నా ఎక్కువే వస్తుంది, అడ్వాన్సు కూడా దొరుకుతుంది. ఊళ్లోనే పని ఇవ్వాల్సిన ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అయినా కూలి డబ్బులు నెలల తరబడి పడకపోతే ఆకలి ఆగదు. పోయేవాళ్లను నేను తప్పుపట్టను. పోక తప్పని స్థితినీ, వెంట పిల్లలు పోవడాన్నీ తప్పుపడుతున్నాను.

నేను కోసిగి వైపు బడుల్లో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుణ్ని. ఐదో తరగతి హాజరు పట్టీ నవంబరు దాకా నిండుగా ఉండేది, డిసెంబరు నుంచి వరుసలకు వరుసలే గైర్హాజరు. చంటి తమ్ముణ్ని చూసుకోవడానికి అక్కను వెంట తీసుకుపోతారు. జూన్‌లో పై తరగతిలో కూర్చున్న ఆ పిల్ల భాగహారం మరిచిపోయి ఉంటుంది. కాస్త ఎదిగిన పిల్లనైతే ముసలమ్మ దగ్గర వదలడానికి భయపడి, సుగ్గికి ముందే పెళ్లి చేసేస్తారు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్ల అక్షరాస్యత 50 శాతానికి చేరలేదంటే కారణం ఇక్కడ వెతకాలి. పిల్లలు బడికి వస్తేనే పేద కుటుంబానికి డబ్బు అనే పద్ధతిని బ్రెజిల్ 2001 నుంచి దేశమంతటా నడిపింది. మన దగ్గరా తల్లికి ఇచ్చే సాయానికి 75 శాతం హాజరు నిబంధన ఉంది. నిబంధన మంచిదే. కానీ బిడ్డను ఉంచడానికి చోటు చూపకుండా హాజరు అడిగితే, సాయం అందరికన్నా ఎక్కువ అవసరమున్న తల్లికే అది దక్కకుండా పోతుంది. సీజనల్ హాస్టళ్లు ఉన్నాయంటారు. లారీలు వెళ్లిపోయాక తెరిచే హాస్టల్లో ఎవరు చేరతారు? దసరా సెలవులు అయిన వెంటనే, వలస పోయే ప్రతి ఊళ్లో, అన్నం, వార్డెన్, ఆడపిల్లలకు వేరే గదులు సిద్ధంగా ఉండాలి. పెద్ద ప్రాజెక్టులకు ఏళ్లు పట్టొచ్చు, దీనికి ఒక జీవో, కాస్త బడ్జెట్ చాలు.

ప్రభుత్వాన్ని అడిగేది ఇంకొకటి ఉంది. ఏటా జనవరి నెలాఖరుకు ఏ ఊరి నుంచి ఎన్ని కుటుంబాలు సుగ్గికి పోయాయో గ్రామ సచివాలయ సిబ్బందితో లెక్క తీయించి బయటపెట్టాలి. ఆ సంఖ్య తగ్గితే మా ప్రాంతం బాగుపడుతోందని మేమే ఒప్పుకుంటాం. పెరిగితే, రాష్ట్ర వృద్ధి రేటు ఎంతైనా మాకు చేరింది లేదు. మీ పత్రిక కూడా ఈసారి వృద్ధి రేటు ప్రచురించేటప్పుడు, దాని పక్కనే పడమటి మండలాల వలసల లెక్క అడిగి వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా